ఆ వీడియోలో ఉన్నది కప్పతల్లి కాదు, కప్పతండ్రి

అచ్చంపేట నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న, కాస్త కుదించి చెబుతున్నా. వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోందట. తెల్లటి రాళ్ల మీద బొటనవేలంత కప్ప, దాని వెనక కాళ్లకు పూసల దండ చుట్టినట్టు గుడ్లు, వాటిని మోసుకుంటూ మెల్లగా నడుస్తోంది. వీడియో కింద 'ఫెర్రెరెట్' అని రాసి ఉంది. గ్రూపులో ఒకరు ఇది అమ్రాబాద్ అడవిలో తీసిందన్నారు, ఇంకొకరు అవి గుడ్లు కావు, కప్పకు లేచిన కంతులు, ముట్టుకుంటే మనకూ అంటుకుంటాయి అన్నారు, మూడో ఆయన తల్లి ప్రేమ అంటే ఇదీ అని దండం బొమ్మలు పెట్టాడు. "సార్, ఏది నిజం? మన గుట్టల మీద ఇది దొరుకుతుందా? కప్పలు నవమాసాలు మోసి పిల్లల్ని కంటాయని కూడా ఒకరు అంటున్నారు, అదీ నిజమేనా?"

మన దగ్గరిది కాదు. జబ్బు కాదు. తల్లి అసలే కాదు. అది మగకప్ప, మోస్తున్నవి దాని గుడ్లే. ఫెర్రెరెట్ అని రాసి ఉందంటే స్పెయిన్ దేశపు మయోర్కా అనే దీవిలో, ట్రముంతానా కొండల్లో మాత్రమే సహజంగా బతికే కప్ప. శాస్త్రం పేరు అలైటెస్ ములెటెన్సిస్. ఈ అలైటెస్ జాతి కప్పలన్నిటినీ అక్కడివాళ్లు 'మంత్రసాని కప్పలు' అంటారు. ఇవి యూరప్‌లో, ఆవల మొరాకో వైపు ఉంటాయి, మన దేశంలో ఎక్కడా లేవు. నల్లమలలో కాదు కదా, హిమాలయాల్లో వెతికినా దొరకవు. నవమాసాల సంగతి మాత్రం నిజమే, కాకపోతే అది ఇంకో ఖండంలో ఇంకో కప్ప, దాని దగ్గరికి తరువాత వస్తాను.

నేనెవరంటారా, ముప్ఫై ఏళ్లకు పైగా నల్లగొండలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. ల్యాబులో మైనం పళ్లెం మీద కప్పను పరిచి కోయించిన తరం మాది. ఆ కోతలు ఆగిపోయాకే వాటిని ప్రాణంతో చూడటం మొదలుపెట్టాను, నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గుపడి. జులై వానలకు రాత్రి ఎనిమిది దాటాక ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో గొడుగు పట్టుకొని గుట్టల వెంట తిరిగేవాణ్ని. పిల్లలు చాటుగా కప్పల సారు అనేవాళ్లు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు.

సరే, మీ వీడియో. ఆ గుడ్లు కాళ్లకు ఎట్లా చేరాయో తెలిస్తే మిగతాది సగం అర్థమవుతుంది.

మన కప్పల్లో ఎక్కువ భాగం జత కట్టేది నీళ్లలో. ఇది నేల మీద, రాళ్ల సందులో, రాత్రి పూట. మగది సందులోంచి పిలుస్తుంది, ఆడది వెతుక్కుంటూ వస్తుంది. మగది దాన్ని వెనక నుంచి నడుము దగ్గర పట్టుకొని, తన కాలివేళ్లతో పొట్ట కింద అదే పనిగా కదిలిస్తూ ఉంటుంది. కాసేపటికి ఆడది ఒక్కసారిగా గుడ్ల దండను వదులుతుంది. జిగురు దారంలో గుచ్చిన పూసల్లాంటి దండ. మగది వాటిని తడిపి ఫలదీకరణ చేశాక, పట్టు మార్చి ఆడదాని మెడ దాకా జరుగుతుంది, జరిగి తన వెనక కాళ్లు ఒకదాని తరువాత ఒకటి ముడుస్తూ చాపుతూ, ముడుస్తూ చాపుతూ, ఆ దండ చీలమండల చుట్టూ చిక్కుపడేదాకా ఆపదు. మన ఆడవాళ్లు మోకాలికి దారం వేసుకొని చిలపలు చుట్టడం చూశారా, దాదాపు అట్లాగే. ఆ తరువాత ఆడది వెళ్లిపోతుంది, దాని పని అయిపోయింది.

అక్కడి నుంచి మూడు వారాల పైన బాధ్యత మొత్తం మగదానిదే. చలి ఎక్కువుంటే ఇంకా పడుతుంది. పగలంతా తడి రాయి కింద దాక్కుంటుంది, గుడ్లు ఎండకూడదు కదా. రాత్రి బయటికొచ్చి పురుగూ పుట్రా తింటుంది, ఆ మూటతోనే. గాలి మరీ పొడిగా ఉంటే పోయి నీళ్లలో ఒక మునక వేసి వస్తుంది. రోజులు గడిచేకొద్దీ పసుపు గుడ్లు నల్లబడతాయి, దగ్గరగా చూస్తే లోపల రెండు కళ్లు కదలడం కనబడుతుంది. అప్పుడు ఒక రాత్రి నీటి గుంటలోకి దిగి కాళ్లు నీళ్లలో పెడుతుంది. గుడ్డు పగులుతుంది, తోకకప్పలు ఈదుకుంటూ పోతాయి, ఖాళీ దండ విదిలించుకొని తండ్రి పైకి వచ్చేస్తాడు. పిల్లల్ని మళ్లీ పట్టించుకోడు, అది వేరే సంగతి.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని మన సామెత. మధ్యలో ఒక ముక్క మర్యాద కోసం మింగేశాను, మీకు తెలిసే ఉంటుంది. ఈ కప్పకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సామెతతో సహా సరిపోయింది. ఒకటే తేడా, మంత్రసాని పరాయి బిడ్డను పట్టుకుంటుంది, ఇది సొంత బిడ్డలనే మోస్తోంది.

ఇంత కష్టం ఎందుకు? ఇక్కడే అసలు విషయం ఉంది, మన గుట్ట మీది ఉదాహరణతోనే చెబుతా.

మన ఇళ్ల చుట్టూ లైటు కింద కూర్చుని ఉసుళ్లు మింగే గరుకు చర్మం కప్పను పుస్తకాల్లో గోదురు కప్ప అంటాం. అది కూడా గుడ్లను దండలాగే పెడుతుంది. జిగురు గొట్టంలో నల్లటి ఆవగింజల్లాంటి గుడ్లు, నీళ్లలో గడ్డికీ రాళ్లకీ చుట్టుకొని మీటర్ల పొడుగున ఉంటుంది. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట మీద వాననీళ్లు నిలిచే రాతి దొనలు ఉంటాయి. ఒక ఏడు జులైలో అందులో ఒక దొనలో ఇట్లాంటి దండ కనబడింది. ఒక జానెడు ముక్క కొలుచుకొని భూతద్దంతో లెక్కపెడితే రెండు వందలు దాటాయి, మిగతా దండ ఆ లెక్కన ఎన్ని వేలో మీరే వేసుకోండి. మూడో రోజుకల్లా నల్లటి చుక్కలు గుడ్లు విడిచి రాయికి అతుక్కొని ఉన్నాయి. ఆరో రోజు తోకలు ఆడిస్తూ నాచు గీరుతున్నాయి. తరువాత వాన మొహం చాటేసింది. తొమ్మిదో రోజు పొద్దున నేను పోయేసరికి దొన అడుగున గిన్నెకు అంటిన మాడులాగా నల్లటి పొర, మధ్యలో అరచేతి మందం బురద, ఆ బురదలో ఒకటీ అరా ఇంకా కొట్టుకుంటున్నాయి. చీమలు అప్పటికే బారులు తీరాయి.

అంటే మన కప్ప లెక్క ఏంటి? వేలల్లో పెట్టు, వదిలెయ్, నాలుగు దొనల్లో ఒక దొన నిలిచినా చాలు. మొక్కజొన్న నాటే పద్ధతి కాదు, నువ్వులు వెదజల్లే పద్ధతి. మయోర్కా కప్ప లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఒక్కోసారి పెట్టేది పది గుడ్లు, అటూ ఇటూగా. అయితే ఒక్కో గుడ్డూ లావు, లోపల బోలెడంత పచ్చసొన. ఆ సొన ఉంది కాబట్టే పిల్ల గుడ్డులోనే వారాల తరబడి ఎదిగి, నీళ్లలోకి వచ్చేసరికే దిట్టంగా ఉంటుంది. పది గుడ్లు పెట్టేది వాటిని దొన అడుగున వదిలేస్తే ఒక్క చేప, ఒక్క పురుగు, ఒక్క ఎండ చాలు, ఆ విడత కాపురం ఖతం. అందుకే కాళ్లకు కట్టుకుంటుంది. దీనికి ప్రేమ అని పేరు పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు, కానీ తక్కువ గుడ్లు, పెద్ద గుడ్లు, కాపలా, ఈ మూడూ ఒకే తాడుకు మూడు పోగులు, ఒకటి లేకుండా ఇంకోటి నిలవదు.

ఆ తోకకప్పలు ఎంత పెరుగుతాయంటే, పెద్ద కప్ప పొడుగు నాలుగు సెంటీమీటర్లు దాటదు, దాని తోకకప్ప తోకతో కలిపి ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. పిల్ల తండ్రి కన్నా పొడుగు. నీళ్లు చల్లగా ఉండి కప్పగా మారేసరికి కొన్నిటికి చలికాలం కూడా దాటిపోతుంది.

ఇంకో తమాషా. మగది ఇన్ని వారాలు 'బిజీ' అయిపోతే ఆడవాటి గతేంటి? ఆడదానికి మూడు నాలుగు వారాల్లో మళ్లీ గుడ్లు తయారవుతాయి, ఆ గుడ్లు ఎక్కువ రోజులు ఆగవు, ఖాళీగా ఉన్న మగది దొరక్కపోతే నేలపాలే. కాబట్టి ఈ కప్పల్లో మగవాటి కోసం ఆడవి కొట్టుకుంటాయి. జంట కలిసి ఉన్నప్పుడు కూడా మూడోది వచ్చి మధ్యలో దూరి ఆడదాన్ని తోసేయాలని చూస్తుంది. ఆడవి కూడా మెల్లగా పిలుస్తాయి. కప్పల లోకంలో అరుపూ కుస్తీ మామూలుగా మగవాటి వంతు, ఇక్కడ తిరగబడింది. ఎందుకో తెలుసుకోవడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, పిల్లల్ని మోసే చేతులు ఎవరివైతే వాటికే గిరాకీ.

ఫెర్రెరెట్ అన్న మాటకు ఆ దీవి భాషలో 'చిన్న కమ్మరి' అని అర్థం. ఎందుకంటే దాని కూత బెకబెక కాదు, దాగలి మీద సుత్తి పడ్డట్టు 'టింగ్'. ఇది నేను పుస్తకంలో చదివి ఏళ్ల పాటు క్లాసులో చెప్పాను గానీ నమ్మకం కుదర్లేదు. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు, కొలోన్ నగరానికి తూర్పున కొండలున్న వైపు. 2016 వేసవిలో మేం అక్కడికి పోయినప్పుడు వాడి ఆఫీసులో ఒకాయన, ఈ పక్కనే పాడుబడ్డ రాళ్ల క్వారీలో ఈ జాతిలోదే ఇంకో కప్ప ఉంది, చీకటి పడ్డాక రండి అన్నాడు. మయోర్కా కప్పకు పెద్దన్న లాంటిది అది, ఐదు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, గుడ్లు కూడా ఎక్కువ మోస్తుంది.

పోయాం. మన కంకర క్వారీల లాంటిదే, పని ఆగి ఎన్నేళ్లో అయింది, అడుగున నీళ్లు, చుట్టూ రాళ్ల కుప్పలు. తొమ్మిదిన్నర దాటినా అక్కడ వెలుతురు పోదు, మా ఆవిడకు చలి, నాకు ఆత్రం. పది దాటాక ఒక రాళ్ల కుప్పలోంచి 'టుంగ్'. మూడు సెకన్లు ఆగి ఇంకో మూల నుంచి కాస్త సన్నగా 'టింగ్'. తరువాత ఇంకో చోట. ఎవరో గాజు గ్లాసులను చెంచాతో తడుతున్నట్టు. ఒక్క కప్ప కూడా కనబడదు, రాళ్లే మోగుతున్నాయి. జర్మన్లు దీన్ని గంట కప్ప అంటారట, మా ఆవిడ మాత్రం ఇది గుడి గంట కాదండీ, మేకల మెడలో గంట అంది, అదే సరైన పోలిక. అరగంట తరువాత టార్చి వెలుతురులో ఒకటి దొరికింది, బూడిద రంగు, మట్టి ముద్దలాగా, కాళ్ల వెనక ద్రాక్షగుత్తి లాంటి మూట. అది మూటతో సహా ఒక చిన్న గెంతు వేసి సందులోకి జరిగిపోయింది. మొత్తం చూసింది ఇరవై సెకన్లు ఉండదు. దానికి పన్నెండు వందల మెట్లు ఎక్కి తిరుపతి పోయి దర్శనం చేసుకున్నంత సంతోషపడ్డానని మా అబ్బాయి ఇప్పటికీ వెక్కిరిస్తాడు, మెట్ల లెక్క కూడా తప్పు చెబుతాడు.

ఇప్పుడు మయోర్కా కప్పకు తిరిగి వస్తే, దాని కథ కప్పల్లోనే విచిత్రం. 1977లో దానికి పేరు పెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి రాతిపొరల్లో దొరికిన పాత ఎముకలు మాత్రమే. ఎప్పుడో అంతరించిన జాతి అనుకున్నారు. ఆ తరువాత రెండు మూడేళ్లకే కొండల లోతు లోయల్లో బతికున్నవి దొరికాయి. మా పెన్షనర్లు ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది చూడండి, ఈ కప్ప చచ్చిపోయిందని కాగితం రాసేశాక వచ్చి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చింది. అన్నాళ్లు ఎందుకు కనబడలేదంటే, అది ఉన్నదే తాళ్లు కట్టుకొని దిగాల్సిన సున్నపురాయి లోయల్లో. ఒకప్పుడు దీవిలో చాలా చోట్ల ఉండేది, ఎముకలు ఆ సంగతే చెబుతున్నాయి. మనుషుల వెంట బయటి నుంచి ఒక నీటి పాము దీవికి చేరింది, రోమన్ల కాలంలోనే అంటారు, పెద్ద ఆకుపచ్చ కప్ప కూడా వచ్చింది. ఆ పాముకు తోకకప్పలంటే జంతికలు. పాము ఎక్కలేని చోట మిగిలినవే మిగిలాయి. ఆ తోకకప్పలు కూడా ఊరికే లేవు లెండి, నీళ్లలో పాము వాసన తగిలితే వాటి తోక పెరిగే తీరే మారుతుంది, వేగంగా తప్పించుకోవడానికి పనికొచ్చేలా.

కాపాడటానికి పోయి చేసిన తప్పు కూడా ఒకటి ఉంది, అది చెప్పకపోతే సగం చెప్పినట్టే. 1980ల నుంచి వీటిని దీవి బయట పెంచి పిల్లల్ని తెచ్చి కొండల్లో వదిలారు, సంఖ్య పెరిగింది, అంతా బాగుంది. కానీ పెంపకంలో ఉన్నప్పుడు వేరే ఖండపు కప్పల నుంచి వీటికి ఒక బూజు అంటుకుంది, అదెవరికీ తెలియలేదు. కైట్రిడ్ అంటారు, కప్పల చర్మాన్ని పట్టి చంపే బూజు, ప్రపంచంలో ఎన్నో జాతుల కొంప ముంచింది అదే. వదిలిన కప్పలతో పాటు అది లోయల్లోకి దిగింది. దాన్ని వదిలించడానికి వాళ్లు చేసిన పని వింటే నవ్వు, మెచ్చుకోలు రెండూ వస్తాయి. గుంటల్లోంచి తోకకప్పలన్నిటినీ పట్టి బయటికి తెచ్చి, వారం రోజులు మందు నీళ్లలో స్నానం చేయించారు. ఆ మందు ఏంటనుకున్నారు, ఇట్రాకొనజోల్, మన మెడికల్ షాపుల్లో తామరకు ఇచ్చే గోలీ. ఈలోపు గుంటలు ఖాళీ చేసి, రాళ్లను క్రిమినాశినితో కడిగారు, మళ్లీ నీళ్లు నిండాక పిల్లల్ని వదిలారు. అడవిలో ఆ బూజును ఒక చోటి నుంచి పూర్తిగా తుడిచేయడం అదే మొదటిసారి అని 2015లో ప్రకటించారు. మన వైపు ఎవరైనా ఉత్సాహంతో ఒక చెరువు కప్పల్ని తెచ్చి ఇంకో చెరువులో వదులుతామంటే నేను ఎందుకు కసురుకుంటానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఒక పక్క ముచ్చట, ప్రశ్నకు సంబంధం లేకపోయినా వదలబుద్ధి కాదు. వానకాలంలో మన మగ గోదురు కప్పను పట్టుకొని చూస్తే ముందు కాలి బొటనవేలి మీద నల్లటి గరుకు మచ్చ ఉంటుంది. నీళ్లలో ఆడది జారిపోకుండా పట్టుకోవడానికి. మంత్రసాని కప్పలు నేల మీద జతకడతాయి కాబట్టి వాటికి అది ఉండదు. వియన్నాలో పాల్ కామెరర్ అనే శాస్త్రవేత్త వంద ఏళ్ల కిందట వీటిని వేడిలో పెంచి, నీళ్లలోకి దిగేలా చేసి, కొన్ని తరాలకు ఆ నల్ల మచ్చ వచ్చిందని, అంటే బతికుండగా నేర్చింది పిల్లలకు దిగుతుందని చెప్పాడు. పెద్ద గొడవ అయింది. 1926లో ఒక అమెరికన్ శాస్త్రవేత్త పోయి, ల్యాబులో భద్రపరిచిన కప్పను పరీక్షిస్తే ఆ నలుపు లోపలికి ఎక్కించిన సిరా అని తేలింది. కొన్ని వారాలకే, సెప్టెంబరులో కామెరర్ తుపాకీతో కాల్చుకొని చనిపోయాడు. సిరా ఎక్కించింది ఆయనేనా, ఇంకెవరైనానా అని ఇప్పటికీ వాదించుకుంటారు. రికార్డు బుక్కులో బొమ్మ బాగా రావడానికి పెన్సిల్‌తో రెండు గీతలు కలిపే పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పేవాణ్ని.

ఇక నవమాసాల ప్రశ్న. నిజమే. పశ్చిమ ఆఫ్రికాలో గినియా, లైబీరియా, కోట్ డివోయిర్ మూడు దేశాలు కలిసే చోట నింబా అనే పర్వతం ఉంది. దాని పైన గడ్డి మైదానాల్లో రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉండే బుల్లి గోదురు కప్ప ఒకటి బతుకుతుంది. అది గుడ్లు పెట్టదు, తోకకప్ప దశ బయట ఉండదు, కడుపులోనే తొమ్మిది నెలలు మోసి, పూర్తిగా తయారైన కప్పపిల్లల్ని కంటుంది. ఇంకా విడ్డూరం, కడుపులో పిల్లకు సొన దాదాపు ఉండదు, తల్లి గర్భంలో ఊరే ద్రవమే ఆహారం. ఎండాకాలం నెలలు తల్లి నేల పగుళ్లలో ముడుచుకొని పడుకుంటుంది, వానలు పడ్డాక కాన్పు. కొండ పైన నిలిచే నీళ్లు లేవు మరి, నీళ్లను కడుపులోనే పెట్టుకుంది అనుకోవాలి. కాబట్టి మీ గ్రూపులో ఆ మాట అన్నాయన గెలిచాడు, మిగతా ముగ్గురూ ఓడిపోయారు.

మన దేశంలో ఇట్లాంటి తండ్రులు లేరా అంటే ఉన్నారు, పడమటి కనుమల్లో. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా వాగుల్లో ఒక రాత్రి కప్ప ఉంది, 2014లో దానికి పేరు పెట్టారు, కుంబార అని. కుంబార అంటే కన్నడంలో కుమ్మరి. ఆడది నీటి పైన కొమ్మకో రాయికో గుడ్లు పెడితే, మగది ముందు చేతులతో వాగు అడుగున బురద తీసి, వెనక కాళ్ల మీద నిలబడి గుడ్లకు మెత్తుతుంది, కుండకు మట్టి మెత్తినట్టే. అంటే ఆ దీవిలో కమ్మరి, మన కనుమల్లో కుమ్మరి, ఇద్దరూ తండ్రులే. ఇట్లాంటివి పరీక్షలో అడిగితే పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు, ఎవరూ అడగరు.

మరి మన నల్లగొండ, పాలమూరు, అమ్రాబాద్ వైపు ఏం చూడొచ్చు? కాళ్లకు గుడ్లు మోసేది లేదు, ఇది గట్టిగా చెబుతున్నా. ఒక్క జాగ్రత్త: వానకాలం రాత్రి దొనలోంచి బయటికొచ్చే మగ గోదురు కప్ప కాలికి తెగిన దండ ముక్క చిక్కుకొని ఉండటం నేను రెండుసార్లు చూశాను. జత విడిపోయేటప్పుడు చిక్కుకుంటుంది, కొంచెం దూరం పోయాక రాలిపోతుంది. ఎవరైనా దాన్ని ఫోన్‌లో తీసి మన దగ్గరా ఉంది అంటే నమ్మకండి. మంత్రసాని కప్పల అలవాటు కూడా ఎన్నో లక్షల ఏళ్ల కిందట ఇట్లా ఒక చిక్కుముడి తోనే మొదలైందేమో అని నాకు అనిపిస్తుంది, ఇది పాఠం కాదు, రిటైరైన మనిషి ఊహ.

మన దగ్గర చూసి తీరాల్సింది నురగ గూడు. బాత్రూము గోడ మీద, కుండల వెనక కూర్చునే సన్నటి, పెద్ద కళ్ల, లేత గోధుమ రంగు చెట్టుకప్ప తెలుసుగా. ఆడది నీటి తొట్టి పైన గోడకు గానీ, నీళ్ల మీదికి వంగిన కొమ్మకు గానీ అతుక్కొని, ఒంట్లోంచి వచ్చే జిగురును వెనక కాళ్లతో గిలక్కొడుతుంది, మజ్జిగ చిలికినట్టు. తెల్లటి నురగ ముద్ద తయారవుతుంది, గుడ్లు లోపల. పైపొర గట్టిపడి లోపల తడిగా ఉంటుంది, కొన్ని రోజులకు తోకకప్పలు నురగ కరిగించుకొని కింద నీళ్లలోకి టపటపా రాలతాయి. దేవరకొండ వైపు మాకు తెలిసిన ఒక రైతు బత్తాయి తోటలో నీళ్ల తొట్టి గోడ మీద ఇది చూసి, ఎవరో గిట్టనివాళ్లు సర్ఫు కలిపారని టెన్షన్ పడి నాకు ఫోన్ చేశాడు. నేను పోయేలోపు ఫినాయిల్ పోసి కడిగేశాడు. ఆయన్ను అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అంతకన్నా పెద్ద ఘనకార్యం చేశాను. దొనలోంచి గోదురు కప్ప దండ బకెట్లో ఇంటికి తెచ్చి, నీళ్లు పాడయ్యాయి కదా అని నల్లా నీళ్లతో మార్చాను. ఆ నీళ్లలో బ్లీచింగ్ వాసన నా ముక్కుకే తగులుతోంది. తెల్లారేసరికి బకెట్ నిండా తెల్లబడ్డ పొట్టలు. దొన ఎండి చచ్చినవాటి కన్నా నా చేతిలో చచ్చినవే ఎక్కువ ఆ ఏడు.

మీ గ్రూపులో వాళ్లకు చెప్పడానికి రెండు మాటలు. ఆ వీడియోను అమ్రాబాద్ పేరుతో ముందుకు పంపకండి, దాన్ని వెతుక్కుంటూ పిల్లలు అనుమతి లేకుండా పులుల అడవిలోకి పోతే ఆ పాపం మీది. కప్పను ముట్టుకుంటే కంతులు, పులిపిర్లు రావు. గోదురు కప్ప చెవుల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో విషం మాత్రం ఉంటుంది, కుక్క నోట పట్టుకుంటే నురగ కక్కుతుంది అందుకే, మీరు ముట్టుకుంటే చేతులు కడుక్కోండి, కళ్లు నలుపుకోకండి, అంతే. ఇక వానలు రాకపోతే ఊళ్లో రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడతారు కదా, నేను చిన్నప్పుడు ఆడినవాణ్నే, తప్పు పట్టను. ఆట అయ్యాక దాన్ని ఎండలో పారేయకుండా ఏ చెరువులోంచి తెచ్చారో ఆ చెరువు గట్టు నీడలోనే వదలమని పిల్లలకు చెప్పండి.

తరువాత ఎప్పుడైనా ఇట్లాంటి వీడియో వచ్చి మనదా పరదేశానిదా అని అనుమానం వస్తే ముందు రాయి చూడండి. దేవరకొండ, నల్లగొండ గుట్టలు గ్రానైటు, నల్లమల రాయి ఎరుపు తిరిగిన క్వార్ట్‌జైటు, తెల్లటి సున్నపురాయి గోడల మధ్య నడుస్తుంటే అక్కడే ఆగి ఆలోచించాలి. తరువాత కన్ను చూడండి. మంత్రసాని కప్ప కంటిపాప పిల్లి కన్నులాగా నిలువుగా చీలి ఉంటుంది, మన గోదురు కప్పది అడ్డంగా ఉంటుంది. మొదటి వానలకు మీ ఊరి గుట్ట మీద ఏ దొనలో ఏది కనబడినా ఫోటో తీసి ఇక్కడే పెట్టండి తమ్ముడూ, ఫ్లాష్ మొహం మీద కొట్టకుండా, పక్క నుంచి, కంటిపాప తెలిసేలా తీయండి, పేరు నేను చెబుతాను.